ఆటోనగర్ మిత్రులకు హెచ్చరిక: ‘ఇండియా లోకలైజేషన్ ఉంది’ అన్నారని అడ్వాన్సు ఇచ్చేయకండి

స్టాకు, బిల్లింగు, ఖాతాలు, జీతాలు అన్నీ ఒకేచోట చూసుకోవచ్చంటూ విదేశీ ఈఆర్పీ సాఫ్ట్‌వేర్ అమ్మేవాళ్లు మన బెజవాడలో షాపు షాపుకీ తిరుగుతున్నారు. మేమూ ఒకటి కొన్నాం. మాది స్పేర్ పార్ట్స్ హోల్‌సేల్. ఆటోనగర్‌లో గోడౌను, హైదరాబాద్‌లో బ్రాంచి. అమ్మినవాళ్ల పేరు రాయను, లాయరు నోటీసు దాకా వెళ్లిన వ్యవహారం. అయినా పేరుకన్నా ఎక్కడెక్కడ దెబ్బ తగిలిందో చెబితేనే మీకు ఉపయోగం.

డెమోలో ‘ఇండియా లోకలైజేషన్’ అని, అంటే మన దేశ నిబంధనలకు తగ్గట్టు మార్చామని, ఒక స్లైడు చూపించారు. తీరా లోపల చూస్తే వ్యాట్ ఉన్నచోట జీఎస్టీ అని, డాలరు గుర్తున్నచోట రూపాయి గుర్తు పెట్టారు, అంతే. అంకెల మధ్య కామాలు కూడా లక్షల లెక్కలో పడవు. చెక్కు ప్రింట్ తీస్తే అక్షరాల్లో మిలియన్ అని వస్తుంది. ఇలాంటివి సర్దుకుపోవచ్చు, మా అకౌంటెంట్ చేత్తో రాసుకునేవాడు.

సర్దుకుపోలేనిది బ్రాంచికి పంపే సరుకు సంగతి. ఇక్కణ్నుంచి హైదరాబాద్‌కి మన సరుకు మనమే పంపుకున్నా, రెండు రాష్ట్రాల్లో రెండు జీఎస్టీ నంబర్లు కాబట్టి అది పన్ను పడే సరఫరాయే. ఐజీఎస్టీ (రాష్ట్రాల మధ్య సరఫరా మీద పడే జీఎస్టీ) వేసి ఇన్‌వాయిస్ ఇవ్వాలి, విలువ 50 వేలు దాటితే ఈ-వే బిల్లు (సరుకు రవాణాకి ఆన్‌లైన్‌లో తీసే పత్రం) ఉండాలి. ఈ సాఫ్ట్‌వేర్ లెక్కలో మాత్రం అది ఒక గోడౌను నుంచి ఇంకో గోడౌనుకి స్టాకు మార్చడమే. ఒక డెలివరీ స్లిప్పు ఇచ్చి ఊరుకుంటుంది. తెలంగాణ సరిహద్దులో గరికపాడు దగ్గర లారీ ఆపితే డ్రైవరు ఆ స్లిప్పు చూపించి ఏమని చెప్పాలి?

ఈ-ఇన్‌వాయిస్, అంటే బిల్లును ప్రభుత్వ పోర్టల్‌లో నమోదు చేయించడం, ఇంకో కథ. 2023 ఆగస్టు 1 నుంచి టర్నోవరు 5 కోట్లు దాటిన వ్యాపారాలకు జీఎస్టీ నంబరు ఉన్న పార్టీలకి (కొనేవాళ్లకి) ఇచ్చే బిల్లుల మీద ఇది తప్పనిసరి. వీళ్ల రాష్ట్రాల పట్టికలో ఆంధ్రప్రదేశ్ కోడు 28 అని ఉంది. అది విభజనకు ముందు కోడు. మన జీఎస్టీ నంబర్లు 37తో మొదలవుతాయి, తెలంగాణవి 36తో. కోడు, నంబరు కలవకపోతే పోర్టల్ తీసుకుంటుందా? అది సరిచేశాక బిల్లు నంబరు గొడవ మొదలైంది. కంపెనీ, బ్రాంచి, గోడౌను, సంవత్సరం అన్నీ కలిపి చాంతాడంత నంబరు తయారుచేస్తుంది. జీఎస్టీ నిబంధన ప్రకారం 16 అక్షరాలు మించకూడదు. ఆ పోర్టల్ ఇచ్చే ఐఆర్ఎన్ అనే నంబరు లేని బిల్లు చట్టం దృష్టిలో బిల్లే కాదు, కాబట్టి పార్టీలు డబ్బు ఆపేశాయి. వాళ్లను తప్పుపట్టలేం.

వీటన్నిటినీ మించింది 2025 సెప్టెంబరు 22. దుర్గమ్మ గుడిలో నవరాత్రులు మొదలైన రోజే కొత్త జీఎస్టీ రేట్లు అమల్లోకి వచ్చాయి. ఆటో విడిభాగాలు 28 నుంచి 18 శాతానికి దిగాయి, ట్రాక్టరు టైర్లు 18 నుంచి 5కి. జీఎస్టీ కౌన్సిల్ ఆ నెల 3వ తేదీనే ప్రకటించింది, 17న నోటిఫికేషన్ వచ్చింది. అంటే సాఫ్ట్‌వేర్ వాళ్లకు సమయం లేక కాదు. ఈ సాఫ్ట్‌వేర్‌లో రేటు ఐటమ్‌కి అంటుకుని ఉంటుంది, ఏ తేదీ నుంచి ఏ రేటు అని చెప్పే వీలు లేదు. ఐటమ్‌లో 18 అని మార్చగానే ఆగస్టులో 28తో వేసిన బిల్లు మళ్లీ ప్రింట్ తీసినా 18 అనే చూపించింది! పాత బిల్లు మీద వెనక్కొచ్చిన సరుకుకి పాత రేటుతోనే క్రెడిట్ నోటు ఇవ్వాలి. అది కూడా 18తోనే వచ్చింది. ఆ నెల రిటర్ను మా ఆడిటర్ ఎక్సెల్‌లో కూర్చుని చేశారు.

ఫోన్ చేస్తే వచ్చిన జవాబు: “చట్టం మారితే అది మా బగ్ కాదు సార్, చేంజ్ రిక్వెస్టు పెట్టండి, కొటేషన్ పంపిస్తాం.” ఏఎంసీ (ఏడాది మెయింటెనెన్స్) డబ్బులు మాత్రం అప్పటికే కట్టించుకున్నారు. నా గొడవంతా ఇదే. మన దేశంలో పన్ను నిబంధనలు ఏటా ఏదో ఒకటి మారుతూనే ఉంటాయి. ఆ మార్పు ఎవరి ఖర్చుతో, ఎన్ని రోజుల్లో వస్తుందో ఒప్పందంలో లేకపోతే కొన్నరోజు ఎంత బాగా పనిచేసినా లాభం లేదు.

డెమోకి వాళ్ల శాంపిల్ డేటా వద్దనండి. మీ పాత బిల్లులు, ఒక బ్రాంచి ట్రాన్స్‌ఫరు, పాత రేటుతో ఒక సేల్స్ రిటర్ను మీ ముందే వేయించండి. గుంటూరు జిన్నింగ్ మిల్లుల వాళ్లయితే రైతు దగ్గర కొన్న పత్తికి రివర్స్ ఛార్జి (అమ్మినవాడి బదులు కొన్నవాడే పన్ను కట్టడం), దానికి సెల్ఫ్ ఇన్‌వాయిస్ (కొన్నవాడే రాసుకునే బిల్లు) ఎలా వస్తాయో తప్పకుండా అడగండి, అక్కడ నీళ్లు నమిలితే లేచి వచ్చేయండి. ప్రైవేట్ లిమిటెడ్ కంపెనీలకు 2023 ఏప్రిల్ నుంచి ఎడిట్ లాగ్ (లెక్కల్లో ఏ మార్పు ఎప్పుడు చేశారో నమోదయ్యే రికార్డు) తప్పనిసరి. స్పీడు కోసం అది ఆపేద్దామని మాకు సలహా కూడా ఇచ్చారు మహానుభావులు. చివరి వాయిదా మాత్రం ఒక నెల జీఎస్టీ రిటర్నులు జీఎస్టీఆర్-1, 3బి ఆ సాఫ్ట్‌వేర్ లెక్కలతోనే ఫైల్ అయ్యి, మీ ఆడిటర్ సరే అన్నాకే ఇవ్వండి.

మేం బిల్లింగు తిరిగి టాలీ సాఫ్ట్‌వేర్‌కి మార్చేశాం, స్టాకు ఇంకా ఆ విదేశీ సాఫ్ట్‌వేర్‌లోనే ఉంది. ఇలాంటిది మీరూ వాడుతుంటే ఆగస్టు 2025 నాటి 28 శాతం బిల్లు ఒకటి ఈరోజే మళ్లీ ప్రింట్ తీసి చూడండి. 18 అని కనిపిస్తే ముందు మీ ఆడిటర్‌కి ఫోన్ చేయండి, తర్వాత వాళ్లకి.