పైలట్ మంట తాగే గ్యాస్ ఎంత? ఏళ్లు వాడాక నా మాట

మా ఇంట్లో ట్యాంకు గీజరు, గ్యాస్ రూమ్ హీటరు రెండూ పైలట్ మంటతో నడిచేవే. పైలట్ అంటే పెద్ద బర్నర్‌ను అంటించడానికి ఎప్పుడూ వెలుగుతూ ఉండే చిన్న మంట. ఏళ్లుగా వాడుతున్నాను. గీజరు పైలట్‌ను నేను సమర్థిస్తాను, హీటరుది మాత్రం శుద్ధ దండగ.

చూడ్డానికి చిటికెన వేలంత నీలి మంట. దీనికేం ఖర్చవుతుందిలే అనుకుంటాం. కానీ అది రాత్రీ పగలూ ఆగదు. గీజరు పైలట్ సాధారణంగా గంటకు 400 నుంచి 600 బీటీయూల (బీటీయూ అంటే వేడిని కొలిచే ఒక ప్రమాణం) గ్యాస్ కాలుస్తుంది. 500 అనుకుంటే రోజుకు మూడున్నర యూనిట్ల కరెంటుకు సమానమైన వేడి. సిలిండర్ గ్యాస్ అయితే రోజుకు పావు కిలో పైమాటే, నెలకు దాదాపు 8 కిలోలు. పైపు గ్యాస్ అయితే నెలకు సుమారు 10 ఘనపు మీటర్లు. నమ్మకం కుదరక ఒక రాత్రి గీజరు నాబ్ 'పైలట్' దగ్గర పెట్టి, మిగతావన్నీ కట్టేసి మీటర్ రీడింగ్ రాసుకున్నాను. పొద్దున చూస్తే దశాంశ బిందువు తర్వాతి అంకెలు నిజంగానే కదిలాయి!

అయినా గీజరులో ఆ వేడంతా వృథా కాదు. మంట ట్యాంకు అడుగునే ఉంటుంది కాబట్టి కొంత నీళ్లకే చేరుతుంది. పైగా దానికి కరెంటు అక్కర్లేదు. మంట వేడికి థర్మోకపుల్‌లో (వేడిని కాస్తంత కరెంటుగా మార్చే చిన్న లోహపు ముక్క) పుట్టే కొద్ది మిల్లీవోల్టులే గ్యాస్ వాల్వును తెరిచి పట్టుకుంటాయి. మంట ఆరితే అది చల్లబడి, వాల్వు దానంతటదే మూసుకుంటుంది. కరెంటు పోయినా వేడినీళ్లు వస్తాయి. ఈ ఏర్పాటంటే నాకు ఎంతో ఇష్టం.

హీటరు అలా కాదు. చలి పోయాక దాని పైలట్ ఇచ్చే వేడి ఎవరికీ పనికిరాదు, ఉక్క తప్ప. అందుకే చలికాలం అయిపోగానే ఆర్పేస్తాను. మళ్లీ వెలిగించేటప్పుడే కాస్త ఓపిక కావాలి. నాబ్ కట్టేసి కనీసం ఐదు నిమిషాలు ఆగాలి. సిలిండర్ గ్యాస్ గాలికన్నా బరువు, కిందే పేరుకుంటుంది కాబట్టి నేల దగ్గర వాసన చూడాలి. వాసన తగిలితే వెలిగించే ఆలోచనే వద్దు. వెలిగాక థర్మోకపుల్ వేడెక్కేదాకా, అర నిమిషమో నిమిషమో, నాబ్ నొక్కే ఉంచాలి. ఒకసారి ఎంత నొక్కినా వదలగానే ఆరిపోయేది, మంట కూడా పసుపుగా ఉండేది. మెకానిక్ వచ్చి పైలట్‌లో చేరిన దుమ్ము తీశాక మళ్లీ నీలిరంగుకు వచ్చింది.

కొత్తగా రూమ్ హీటరు కొనేవాళ్లు పైలట్ లేని, ఎలక్ట్రానిక్ ఇగ్నిషన్ (కరెంటు నిప్పురవ్వతో అప్పటికప్పుడు వెలిగే ఏర్పాటు) ఉన్నదే తీసుకోండి. గీజరు విషయంలో ముందు మీ ఇంట్లో కరెంటు ఎంత తరచుగా పోతుందో చూసుకోండి.