సీసా వదలడమా, క్లినోస్టాట్ తిప్పడమా?

అంతరిక్షంలో జీవకణాలకు ఏమవుతుందో బడిపిల్లలకు చూపాలా? అడుగున చిల్లున్న నీళ్లసీసాను మూత తీసి 2 మీటర్ల ఎత్తునుంచి వదిలితే, పడే 0.6 సెకను ధార ఆగుతుంది. ఖర్చు లేదు, భారరహిత స్థితి కళ్లకు కడుతుంది. కణం మాత్రం కనిపించదు.

అందుకే మా ఓటు క్లినోస్టాట్‌కు, అంటే మొక్కను ఇరుసుపై నెమ్మదిగా తిప్పే పరికరానికి. 2025లో భారత వ్యోమగామి శుభాంశు శుక్లా అంతరిక్ష కేంద్రంలో మొలకెత్తించిన మెంతులే తీసుకోండి. మొలకలను అగర్ (జెల్లీలాంటి పదార్థం) పోసిన పళ్లెంలో ఇరుసుకు దగ్గరగా నాటి, అడ్డ ఇరుసుపై నిమిషానికి 1–2 చుట్లు తిప్పండి. వేరుకొన కణాల్లో అడుగుకు చేరి కిందివైపును తెలిపే పిండిరేణువులు అప్పుడు ఒకవైపు పేరుకోలేవు. దాంతో వేరుకు కిందివైపు ఏదో తెలియదు. పక్కకు తిప్పి కదలకుండా ఉంచిన పళ్లెంలో వేళ్లు కొన్ని గంటల్లో కిందికి వంగుతాయి. వేగం పెంచితే అపకేంద్ర బలం ఫలితాన్ని చెడగొడుతుంది.

ఇదే నిపుణుల సభలో చూపితే ముందే చెప్పండి: ఇక్కడ గురుత్వం పోలేదు, దాని దిశ సగటవుతోందంతే.