బ్రాక్ సేవ: ఆ నేల మనుషులే నడిపిన పని

అతి పేదరికంపై పోరాడే సంస్థల్లో బంగ్లాదేశ్‌కు చెందిన బ్రాక్ పనితీరును నేను అన్నింటికన్నా మిన్నగా ఎంచుతాను. దానిని మొదటినుంచీ ఆ నేల మనుషులే నడిపించడం అందుకు ప్రధాన కారణం. బంగ్లాదేశ్ విముక్తి యుద్ధం ముగిసి ఇళ్లకు చేరిన శరణార్థుల పునరావాసం కోసం ఫజ్లే హసన్ అబేద్ 1972లో దీనిని స్థాపించారు.

నన్ను బాగా కదిలించినది విరేచనాలతో ఒంట్లో నీరు తగ్గి పిల్లలు చనిపోకుండా 1980లో మొదలైన ప్రచారం. మహిళా కార్యకర్తలు ఇంటింటికీ వెళ్లి, మూడు వేళ్లకు అందినంత ఉప్పు, గుప్పెడు బెల్లం, అర్ధసేరు నీళ్లు కలిపి తాగించే ద్రావణాన్ని తల్లుల చేతనే చేయించి నేర్పేవారు. తల్లులకు అది ఎంతవరకు గుర్తుందో తర్వాత మరొకరు వచ్చి పరీక్షించేవారు, కార్యకర్త వేతనం దాన్నిబట్టే నిర్ణయమయ్యేది. ఇంత నిజాయితీగల కొలమానం మరే సేవలోనూ నాకు కనిపించలేదు. అబేద్‌కు 2015లో ప్రపంచ ఆహార బహుమతి లభించింది. ఆ గౌరవంలో సగం, పేరైనా నమోదుకాని ఈ మహిళలకు చెందాలి.

2002లో ఆరంభమైన నిరుపేదల కార్యక్రమం ఆవునో మేకలనో ఇచ్చి ఊరుకోదు. కొన్నాళ్లు భృతి, పొదుపు అలవాటు, శిక్షణ, దాదాపు రెండేళ్లపాటు క్రమం తప్పక గడప తొక్కే కార్యకర్త, అన్నీ కలిసే అందుతాయి. ఈ నమూనాను ఆరు దేశాల్లో పరీక్షించిన అధ్యయనం 2015లో వెలువడింది. కార్యక్రమం ముగిసిన ఏడాదికి కూడా ఆ కుటుంబాల వినియోగం మెరుగ్గానే ఉందని తేలింది. తొలి ఖర్చు మాత్రం ఎక్కువే. హోండురాస్‌లో చాలామంది ఎంచుకున్న కోళ్లు జబ్బుపడి చనిపోవడంతో అక్కడ ఆస్తులు నిలవలేదు.