తెల్లవారుజాము కరకట్టా, రాత్రి వరండాలో ట్రైనరా?

డిసెంబరు చివర్లో జరిగే 80 కిలోమీటర్ల సైకిలు రోడ్డు రేసుకు పేరిచ్చాను. పేరిచ్చిన నాటి ఊపులో వారానికి పది గంటలు తొక్కేస్తాననుకున్నాను. విజయవాడ ఆటోనగర్‌లో లెక్కల ఉద్యోగం, ఇద్దరు పిల్లల బడి, అమ్మకు నెలనెలా ఆసుపత్రి పోగా చేతిలో మిగిలింది ఐదున్నర గంటలు. వీటిని ఎక్కడ పెడితే గిట్టుబాటో తేల్చుకుందామని మూడు పద్ధతులకు మూడేసి వారాలు ఇచ్చి చూశాను.

మొదటిది అందరూ చెప్పేదే. నాలుగున్నరకు లేచి, ఐదుకు భవానీపురంలో గేటు దాటి, ప్రకాశం బ్యారేజీ మీదుగా సీతానగరం, ఉండవల్లి, ఆపైన కృష్ణ కరకట్ట. బ్యారేజీ పొడవు కిలోమీటరుంపావు కూడా ఉండదు కానీ, ఆ చీకట్లో అతుకు అతుకుకూ చక్రం టక్‌మంటూ, కింద నీళ్ల వాసన పైకి వస్తుంటే, అది ఇంకాస్త పొడుగుంటే బాగుండుననిపిస్తుంది. చిక్కంతా ఆ తరువాతే. కరకట్ట ఇరుకు దారి. ఎదురుగా పాల వ్యాను, వెనక ట్రాక్టరు, పక్కన కుక్కలు. ఎనిమిది నిమిషాలు ఏకబిగిన దమ్ము పట్టి తొక్కుదామంటే నాలుగో నిమిషంలోనే బ్రేకు. గంటన్నర తిరిగి వచ్చి ఫోనులో చూసుకుంటే గుండె గట్టిగా కొట్టుకున్నది ఇరవై నిమిషాలే.

దానికన్నా పెద్ద నష్టం నిద్ర. నేను పడుకునేసరికి పదకొండు. మూడో వారానికి లేవగానే చూసుకునే నాడి 54 నుంచి 61కి ఎక్కింది. ఒళ్లు కోలుకోవడం లేదనడానికి అంతకన్నా చవకైన పరీక్ష లేదు. ఆ వారమే ఆఫీసులో జమ కావలసిన మొత్తాన్ని ఖర్చులో రాసి, రెండు రోజులు వెతుక్కున్నాను.

రెండోది ట్రైనరు. వెనక చక్రాన్ని రోలరుకు ఆనించి బిగించే స్టాండు. పిల్లలు పడుకున్నాక, తొమ్మిదికి వరండాలో మొదలుపెడతాను. పది నిమిషాలు ఒళ్లు వేడెక్కడానికి, ఎనిమిదేసి నిమిషాల గట్టి తొక్కుడు నాలుగు సార్లు, నడుమ మూడేసి నిమిషాల విరామం, చివర ఐదు నిమిషాలు నెమ్మదిగా. అంతా కలిపి గంటలోపే. అందులో 32 నిమిషాలు అసలు పని. సిగ్నళ్లు లేవు, వాన గొడవ లేదు. టైరు త్వరగా అరుగుతుంది, అందుకే పాతది వేశాను.

ఫ్యాను మాత్రం తప్పదు. ఒక రాత్రి కరెంటు పోయింది. ట్రైనరుకు కరెంటుతో పని లేదు కదా అని తొక్కుతూనే ఉన్నాను. అదే వేగానికి 150 దగ్గర ఉండాల్సిన నాడి పది నిమిషాల్లో 165 దాటింది. మన ఊరి ఉక్కలో చెమట ఆరదు, కారుతుంది. కింద పరిచిన పేపరు ముద్దయిపోయింది. మరునాడు కింది వాటాలో పెద్దాయన మెట్ల దగ్గర ఆపి, “ఏం బాబూ, రాత్రిపూట పిండిమర పెట్టావా?” అన్నారు. రబ్బరు చాప కొని స్టాండు కింద వేశాక మర చప్పుడు కాస్త తగ్గింది.

మూడోది సైకిలు మీద ఆఫీసుకు పోవడం. ఖాళీ లేనివాడికి ఇంతకన్నా ఏం కావాలనిపిస్తుంది. భవానీపురం నుంచి ఆటోనగర్ తొమ్మిది పది కిలోమీటర్లు. బందరు రోడ్డు మీద ప్రతి సిగ్నలుకూ కాలు కింద పెట్టాలి, పెడలు మీద బరువు పడేలోగా మళ్లీ ఎర్రదీపం. ఆఫీసులో స్నానానికి వీలు లేదు. మూడో వారంలో దసరా వచ్చింది, దుర్గమ్మ కొండ కింది దారి మళ్లించారు. కాళ్లు బిగుసుకున్న మరునాడు తేలిగ్గా ఆడించుకోవడానికి తప్ప రేసుకు దీన్ని లెక్కలోకి తీసుకోను.

కాబట్టి నా ఓటు ట్రైనరుకే, మంగళ, గురువారాలు. కానీ అది నేర్పలేనివి ఉన్నాయి. ముందువాడి చక్రానికి మూరెడు దూరంలో తొక్కితే గాలితో పోరు బాగా తగ్గుతుంది, కాకపోతే ఆ మూరెడు దూరంలో గుండె చిక్కబట్టుకుని ఉండటం వరండాలో అలవాటు కాదు. మలుపులో ఒరగడం, తొక్కుతూ అరటిపండు ఒలుచుకోవడం కూడా అంతే. అందుకే ఆదివారం ముగ్గురు నలుగురం కలిసి అమరావతి దాకా, రానుపోను సుమారు 70 కిలోమీటర్లు. ముప్పావు గంటకొక అరటిపండో చిక్కీయో తినడం అక్కడే అలవాటు చేసుకుంటున్నాను. శనివారం రాత్రి పదికే పడుకుంటే ఆదివారం నాలుగున్నర బాధించడం లేదు.

రేసు వారంలో గంటలు సగానికి కోస్తాను. మంగళవారం నాలుగుకు బదులు రెండు విడతలే తొక్కి ట్రైనరు మడిచి మంచం కింద పెట్టేస్తాను. కింది వాటా పెద్దాయనకు ఆ తేదీ ముందే చెప్పాను. క్యాలెండరులో గుర్తు పెట్టుకున్నారు.