మాల్ ఆనుకుని హోటల్, ఎదురుగా సముద్రం: వైజాగ్‌లో గది తీసుకునే ముందు

హైదరాబాద్‌లోనో బెంగళూరులోనో మాల్‌తో కలిపి కట్టిన పెద్ద హోటల్లో ఉండి వచ్చినవాళ్లు వైజాగ్‌లోనూ అలాంటిదే కావాలంటారు. లిఫ్ట్ దిగితే షాపులు, రెండంతస్తులు ఎక్కితే సినిమా, అట్నుంచి అటే గదికి. ఎండ తగలదు, ఆటోవాడితో బేరం ఉండదు. ఆ లెక్కకి వైజాగ్‌లో దగ్గరగా వచ్చేది బీచ్ రోడ్డులో మహారాణిపేట దిగువన ఉన్న వరుణ్ బీచ్. నోవోటెల్ హోటల్, దాని పక్కనే ఐనాక్స్ సినిమా హాళ్లు. కానీ పెళ్లి బట్టలు కొనే మాల్ ఉంటుందనుకుని అక్కడ దిగితే ఉసూరుమనిపిస్తుంది. అక్కడ డబ్బు పెట్టేది సముద్రానికి, సినిమాకి. షాపింగ్ అంటే ఊళ్లోకి వెళ్లాల్సిందే.

ఊళ్లో షాపింగ్ ఎక్కడంటే, ఒకే కప్పు కింద అన్నీ కావాలనుకుంటే మద్దిలపాలెంలో సీఎంఆర్ సెంట్రల్. బీచ్ రోడ్డు నుంచి నాలుగైదు కిలోమీటర్లు, సాయంత్రం సిరిపురం, మద్దిలపాలెం సిగ్నళ్లు దాటేసరికి అరగంట. జగదాంబ జంక్షన్, సూర్యాబాగ్ వైపైతే రెండు కిలోమీటర్ల లోపే. బట్టల దుకాణాలు, చెప్పుల దుకాణాలు, చిత్రాలయ మాల్, అన్నీ ఆ చుట్టుపక్కలే. బంగారం అయితే పాతకాలం నుంచీ కురుపాం మార్కెట్. కాబట్టి షాపింగే ముఖ్యమైతే సముద్రాన్ని వదులుకుని సూర్యాబాగ్‌లో దసపల్లా, డాబాగార్డెన్స్‌లో డాల్ఫిన్ లాంటి చోట దిగడం తెలివైన పని. సంచులతో నడిచి గదికి వచ్చేయొచ్చు. రెండూ పాత హోటళ్లే, ఊరివాళ్లకి భోజనాల పరంగానూ బాగా తెలిసినవే. వాల్తేరు అప్‌ల్యాండ్స్‌లో ఫోర్ పాయింట్స్, వాల్తేరు మెయిన్ రోడ్డులో గ్రీన్ పార్క్ మధ్యే మార్గం. సిరిపురం షాపులు, ఆశీల్‌మెట్ట సంపత్ వినాయకుడి గుడి దగ్గర, సముద్రానికి ఐదు పది నిమిషాల ప్రయాణం. ఇక ఇసుకలోకి నేరుగా దిగాలన్న కోరిక ఉంటే బీచ్ రోడ్డులోనే ఇంకాస్త ఉత్తరంగా ఉన్న ది పార్క్. అక్కడ తోట దాటితే సముద్రమే, మాల్ ఊసు ఉండదు.

మాల్‌కి ఆనుకున్న ఏ హోటల్లోనైనా, ఏ ఊళ్లోనైనా, బుక్ చేసేముందు ఫోన్ చేసి అడగాల్సింది తలుపు గురించి. "మాల్ పక్కనే" అన్న మాటలో చాలా రకాలున్నాయి. లోపల్నుంచే దారి ఉందా, ప్రహరీ దాటి రోడ్డు మీదికి వచ్చి మళ్లీ ఇంకో గేటులోంచి వెళ్లాలా? లోపలి దారి ఉంటే ఎన్నింటికి మూస్తారు? మామూలుగా మాల్ షట్టర్లు రాత్రి పదింటికి పడతాయి, రెండో ఆట వదిలేసరికి పన్నెండున్నర దాటుతుంది. ఆ వేళకి లోపలి దారి మూసి ఉంటే నిద్రపోతున్న పిల్లాణ్ణి భుజాన వేసుకుని రోడ్డు చుట్టూ తిరిగి రావాలి. దారిలో మెట్లున్నాయా, ర్యాంప్ ఉందా అన్నది మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లతో వెళ్లేవారికి ముఖ్యం. దారి ఉన్నచోట హోటల్ వైపు సామాను స్కానర్, తనిఖీ ఉంటాయి, కాబట్టి మాల్‌లో కొన్న సంచులన్నీ ప్రతిసారీ బెల్టు మీద పెట్టి తీయాల్సిందే. మనసులో పెట్టుకుంటే విసుగు రాదు.

నిజం చెప్పాలంటే ఈ తలుపు విలువ అందరికీ ఒకటి కాదు. ఏప్రిల్, మే ఉక్కపోతలో, అక్టోబరు వానల్లో, చంటిపిల్లలతో, పెద్దవాళ్లతో అయితే దానికి వెయ్యి రూపాయలు ఎక్కువ పెట్టినా దండగ కాదు. డిసెంబరు చల్లగాలికి ఇద్దరు కుర్రాళ్లు వస్తే మాత్రం ఆ డబ్బుతో నాలుగు రోజులు ఆటోల్లో తిరగొచ్చు.

గది ఎంపిక దగ్గరే ఎక్కువమంది నష్టపోతారు. మాల్, సినిమా హాళ్లు కింది నాలుగైదు అంతస్తుల్లో ఉంటే, ఆ కప్పు మీదే ఏసీ చిల్లర్లు (నీళ్లు చల్లబరిచే పెద్ద యంత్రాలు), కూలింగ్ టవర్లు, వంటింటి పొగ లాగే ఫ్యాన్లు పెడతారు. హోటల్లో ఆ కప్పుకి సమంగా, దానికి కాస్త పైన ఉన్న అంతస్తుల్లో ఆ వైపు గదులకి రాత్రి పొద్దుపోయేదాకా ఒక బొంగురు హోరు వినిపిస్తుంది. అది తక్కువ పౌనఃపున్యపు శబ్దం కాబట్టి కిటికీ మూసినా, చెవుల్లో దూది పెట్టుకున్నా పూర్తిగా ఆగదు. ఆఖరి ఆట అయ్యాక తగ్గి, పొద్దున్న మాల్ తెరిచే వేళకి మళ్లీ మొదలవుతుంది. ఫ్యాన్లు ఆ వైపుంటే ఫుడ్ కోర్టు నూనె వాసన కూడా తోడు. అందుకే గది అడిగేటప్పుడు "హై ఫ్లోర్" అని ఒక్కమాట అనేసి ఊరుకోకండి. "మాల్ కప్పు కనిపించని వైపు, జనరేటర్‌కి, సర్వీస్ లిఫ్ట్‌కి దూరంగా" అని విడమరిచి చెప్పండి. బుకింగ్‌లో రాయించడం ఒక ఎత్తు, వచ్చే రోజు ఉదయం పదకొండింటికి రిసెప్షన్‌కి ఫోన్ చేసి గుర్తుచేయడం ఇంకో ఎత్తు. గదుల కేటాయింపు సాధారణంగా ఆ వేళకే జరుగుతుంది.

సముద్రం కనిపించే గది అన్నదాంట్లోనూ మెలికలున్నాయి. "సీ ఫేసింగ్" అంటే కిటికీ ఎదురుగానే సముద్రం. "పార్షియల్ సీ వ్యూ" అంటే కిటికీ దగ్గర నిలబడి మెడ తిప్పితే కనిపించేది. "సిటీ వ్యూ" అంటే కొండవాలు మీది మేడలు, నీళ్ల ట్యాంకులు. వైజాగ్ తీరం తూర్పు వైపు కాబట్టి సీ ఫేసింగ్ గదిలోకి సూర్యుడు సూటిగా వస్తాడు. మే నెలాఖరులో 5.20కే వెలుతురు మొహాన కొడుతుంది, జనవరిలో ఆరున్నర దాకా ఆగుతుంది. సూర్యోదయం చూడాలనుకునేవారికి పండగే. ఆలస్యంగా లేచేవాళ్లు రాత్రే లోపలి మందపాటి తెర మధ్యలో సందు లేకుండా లాగి పడుకోవాలి.

పొద్దున్నే తెర తీస్తే అద్దమంతా మసకగా ఉండి సముద్రం కనిపించలేదని హౌస్‌కీపింగ్‌ని పిలిచేవాళ్లు చాలామంది. అద్దం లోపల్నుంచి ఎంత తుడిచినా పోదు, ఎందుకంటే ఆ చెమ్మ బయటివైపుంది. రాత్రంతా ఏసీ 18లో పెడితే అద్దం చల్లబడి, బయటి తేమగాలి దాని మీద నీటిబిందువులై పేరుకుంటుంది. ఏసీ 25కి పెంచి, లేదా కాసేపు ఆపి, ఇరవై నిమిషాలు ఆగితే దానంతట అదే విడిపోతుంది. అప్పటికీ తెల్లటి పొర ఉందంటే అది ఉప్పు. బయట తాళ్లకి వేలాడుతూ కడిగే మనిషి వచ్చేదాకా అంతే. గది చూడగానే అద్దం పరీక్షించి, బాగా పట్టేసి ఉంటే సామాను విప్పకముందే వేరే గది అడగడం మేలు.

బాల్కనీ ఉంటే తలుపు తెరిచి ఏసీ వేయకండి. చాలా హోటళ్లలో తలుపుకి సెన్సర్ ఉండి ఏసీ తనంతట ఆగిపోతుంది, లేనిచోట గచ్చు మీద నీళ్లు చేరి కాలు జారుతుంది. పోర్టు వైపు నుంచి గాలి తిరిగిన రోజున బాల్కనీ కుర్చీ మీద వేలు రాస్తే నల్లటి దుమ్ము అంటుతుంది. ఊరివాళ్లకి ఇది పాత సంగతే. తెల్లబట్టలతో ముందు కూర్చుని తర్వాత చూసుకోకండి, తడిగుడ్డ అడిగి తుడిపించుకోండి.

ఇక బిల్లు. 2025 సెప్టెంబరు 22 నుంచి గది అద్దె రోజుకి 7,500 రూపాయల దాకా ఉంటే జీఎస్టీ 5 శాతం, ఆ గీత దాటితే 18 శాతం. 7,400 గదికి పన్నుతో 7,770. 7,600 గదికి 8,968. అద్దెలో తేడా 200, చేతిలోంచి పోయేది 1,198. గీతకి దగ్గరగా ధర కనిపిస్తే మరో యాప్‌లోనో, హోటల్ సొంత సైట్‌లోనో, రోజు అటూ ఇటూ మార్చో చూడండి. యాప్‌లో మొదట కనిపించే అంకె పన్ను లేనిదని మరవొద్దు.

తిండి మీద పన్ను సంగతి ఇంకా తక్కువమందికి తెలుసు. 7,500 పైన గదులు అమ్మే హోటళ్లలోని రెస్టారెంట్‌లో 18 శాతం, బయటి రెస్టారెంట్‌లో, మాల్ ఫుడ్ కోర్టులో 5 శాతం. అంటే వెయ్యి రూపాయల భోజనం మీద గోడకి ఇటుపక్క 180, అటుపక్క 50. మాల్ ఆనుకుని ఉన్నందుకు నలుగురున్న కుటుంబానికి అసలు మిగిలేది ఇక్కడే. పైగా సర్వీస్ చార్జ్ అని కొన్ని చోట్ల ఇంకో వరుస కలుపుతారు. దాన్ని బలవంతంగా వేయకూడదని కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ 2022 జులైలో మార్గదర్శకాలిచ్చింది, ఢిల్లీ హైకోర్టు 2025 మార్చిలో వాటిని సమర్థించింది. వద్దంటే తీసేయాలి. గొంతు పెంచక్కర్లేదు, బిల్లు వేయకముందే చెబితే చాలు.

బ్రేక్‌ఫస్ట్ మాత్రం గదితో కలిపి తీసుకోవడమే లాభం, విడిగా తింటే తలకి పడే ధర చూసి ఆకలి చచ్చిపోతుంది. తొమ్మిది నుంచి పదింటి దాకా దోసెల పెనం దగ్గర వరుస ఉంటుంది. ఎనిమిదికి ముందు వెళ్తే వేడిగా, ఖాళీగా దొరుకుతుంది. పెళ్లిళ్ల బృందం దిగిన రోజుల్లో ఇది మరీ అవసరం. పిల్లలకి ఎన్నేళ్ల దాకా ఉచితం అన్నది హోటల్‌కో తీరు, ముందే అడిగి మెసేజ్‌లో రాయించుకోండి.

చెకిన్ దగ్గర క్రెడిట్ కార్డు ఇవ్వండి. అడ్వాన్స్ కింద కొంత మొత్తం పట్టి ఉంచుతారు. క్రెడిట్ కార్డులో అది ఖర్చు కాకుండా నిలిపి ఉంచిన మొత్తమే. డెబిట్ కార్డో యూపీఐయో అయితే డబ్బు నిజంగానే పోయి, తిరిగి రావడానికి వారం పట్టొచ్చు. గదిలో ఉండే పెద్దవాళ్లందరికీ గుర్తింపు కార్డు కావాలి. పాన్ కార్డు పనికిరాదు, దాని మీద చిరునామా ఉండదు. అమెరికా నుంచి వచ్చిన బంధువులకి విదేశీ పాస్‌పోర్టు ఉంటే ఓసీఐ కార్డో (భారతీయ మూలాలున్న విదేశీ పౌరులకిచ్చేది), వీసానో కూడా వెంట తేవాలి. వాళ్ల వివరాలు హోటల్‌వాళ్లు 24 గంటల్లోపు ప్రభుత్వానికి పంపాలి. వైజాగ్ చిరునామా ఆధార్ ఉన్నవాళ్లకి గది ఇవ్వని హోటళ్లూ ఉన్నాయి. ఊళ్లోవాళ్లే ఓ రాత్రి సరదాగా దిగాలనుకుంటే ముందే ఫోన్ చేసి అడగాలి.

సొంత కారుతో వస్తే మాల్ సెల్లార్‌లోకి పోకుండా హోటల్ వాకిట్లో వ్యాలెట్‌కి, అంటే కారు తీసుకెళ్లి నిలిపే మనిషికి, ఇవ్వండి. రెండింటికీ సెల్లార్ ఒకటే అయినా మాల్ చీటీతో లోపలికి వెళ్తే గంటల లెక్కన డబ్బు పడుతుంది, రాత్రి మాల్ మూశాక అటువైపు లిఫ్ట్ పనిచేయకపోవచ్చు. పైన క్యారియర్, దాని మీద సామాను కట్టిన ఇన్నోవాలు సెల్లార్ ర్యాంప్ దగ్గర ఎత్తు బోర్డు చూసుకోకుండా దూరిపోతే వెనక్కి తీయడం పెద్ద తతంగం.

తేదీల విషయానికొస్తే, డిసెంబరు 4 నేవీ డే. నౌకాదళ విన్యాసాలు ఇక్కడ జరిగే ఏడు, వాటికి ముందు రిహార్సల్స్ రోజుల్లో కూడా ఆర్కే బీచ్ వైపు రోడ్లు మళ్లిస్తారు. అప్పుడు యుద్ధనౌకలు గదిలోంచే కనిపిస్తాయి, ఆ మేరకు ధరా పెరుగుతుంది. మధురవాడ స్టేడియంలో క్రికెట్ మ్యాచ్, అరకు సీజన్లో శని ఆదివారాలు, మంచి ముహూర్తాలు కూడా అంతే. సోమవారం దిగితే కురుసుర సబ్‌మెరైన్ మ్యూజియం మూసి ఉంటుంది, పిల్లలకి ముందే చెప్పండి. అక్టోబరు, నవంబరు తుపాన్ల కాలం. 2014 హుద్‌హుద్ అక్టోబరు 12న ఇక్కడే తీరం దాటింది. ఆ నెలల్లో రద్దు చేసుకుంటే డబ్బు తిరిగొచ్చే రేటే తీసుకోండి, నాలుగైదు వందలు ఎక్కువైనా సరే. సముద్రం ఎదురుగా ఉంది కదా అని ఈతకి దిగొద్దు, ఆర్కే బీచ్‌లో లోపలికి లాగే ప్రవాహం ఉంది, ఏటా ప్రాణాలు పోతున్నాయి. ఈత కొలనులోకి నైలాన్ బట్టలే రానిస్తారు, మర్చిపోతే మాల్‌లో కొనుక్కోవాల్సి వస్తుంది.

తిరుగు ప్రయాణంలో రెండు చిక్కులు. తెల్లవారుజామున నడిచేవాళ్ల కోసం బీచ్ రోడ్డులో కొంత భాగం వాహనాలకి మూస్తారు. పొద్దున్న విమానానికి వెళ్లేవాళ్లు క్యాబ్‌ని కలెక్టరేట్ వైపు నుంచి కిందికి రమ్మనాలి. డ్రైవర్ ఫోన్లో మ్యాప్ బీచ్ రోడ్డే చూపిస్తుంది, అతను బారికేడ్ దగ్గర నిలబడి మీకు ఫోన్ చేస్తాడు. ఎన్ఏడీ వైపున్న విమానాశ్రయం పద్నాలుగు పదిహేను కిలోమీటర్లు, కొత్తగా కట్టిన భోగాపురం విమానాశ్రయం అయితే 45 దాకా, కాబట్టి మీ విమానం ఎక్కడి నుంచో టికెట్ మీద చూసుకుని బయలుదేరండి. రైలుకైతే స్టేషన్ పేరు. విశాఖపట్నం స్టేషన్లోకి వస్తే ఇంజిన్ అటు నుంచి ఇటు మార్చాల్సి వస్తుంది గనక కొన్ని దూరప్రయాణపు రైళ్లు ఊళ్లోకి రాకుండా దువ్వాడలో ఆగి వెళ్లిపోతాయి. స్టేషన్ హోటల్‌కి నాలుగైదు కిలోమీటర్లే అని తీరుబడిగా రెండో ఆట చూసి, టికెట్ మీద దువ్వాడ ఉందని అప్పుడు గమనిస్తే రైలు అందదు. గాజువాక మీదుగా రాత్రి కూడా ముప్పావు గంట ప్రయాణం. కారు హోటల్ ట్రావెల్ డెస్క్‌లో సాయంత్రమే చెప్పి పెట్టండి, సామాను చెకౌట్ అప్పుడే బెల్ డెస్క్‌లో చీటీ తీసుకుని వదిలేయండి.