లైటర్‌తో అతికే టంకపు గొట్టాలను ఎలక్ట్రిక్ సైకిల్ మోటారు వైర్లకు వాడకండి

బెంగళూరు ఎస్.పి. రోడ్డులో ఎలక్ట్రిక్ సైకిల్ సామాను కొనే తెలుగువారి కోసం ఇది రాస్తున్నాను. మారతహళ్లిలో ఉంటూ ఆఫీసుకు వెళ్లిరావడానికి నా పాత గేర్ల సైకిలుకు 36 వోల్టుల, 250 వాట్ల హబ్ మోటారు (చక్రం మధ్యలో ఉండే మోటారు) కిట్టు బిగించుకున్నాను. మోటారుకు కరెంటును అదుపు చేసి పంపే కంట్రోలరును వానకు తడవకుండా సీటు కింది సంచిలోకి మార్చేసరికి వైర్లు చాలలేదు. ఇంట్లో సోల్డరింగ్ ఐరన్ లేదు, ఉన్నా నాకు ఆ పని రాదు. ఒక దుకాణంలో ఈ సంగతి చెప్పగానే, "టంకం లోపలే ఉంటుంది సార్, లైటర్ చూపిస్తే చాలు, ఈ-బైకులకు అందరూ ఇవే తీసుకెళ్తున్నారు" అంటూ ఒక ప్యాకెట్టు చేతిలో పెట్టారు.

అవి పారదర్శకమైన చిన్న గొట్టాలు. మధ్యలో వెండి రంగు టంకపు ఉంగరం, దానికి అటూ ఇటూ రంగు జిగురు పట్టీలు ఉంటాయి. రెండు వైర్ల కొనలను లోపలికి దూర్చి వేడి చేస్తే గొట్టం ముడుచుకుని, ఉంగరం కరిగి తీగలను పట్టుకోవాలి. బ్యాటరీ వైర్లు రెండింటినీ, మోటారుకు వెళ్లే మూడు ఫేజు వైర్లనూ నేను ఇలాగే అతికాను. చూడటానికి పని ముచ్చటగానే కనిపించింది.

మూడో వారంలో, సాయంత్రం వంతెన ఎక్కుతుండగా మోటారు రెండుసార్లు కుదిపి ఆగిపోయింది, ప్లాస్టిక్ కాలిన వాసన వచ్చింది. సంచి విప్పి చూస్తే రెండు ఫేజు వైర్ల దగ్గర టంకం మళ్లీ కరిగి, ఒక తీగ గొట్టంలోంచి జారి పక్కదానికి తగిలి ఉంది. కంట్రోలరు కాలిపోయింది. బ్యాటరీకి ఏమీ కాకపోవడం నా అదృష్టం.

కారణం తర్వాత తెలిసింది. లైటర్ మంటకు గొట్టం మాడిపోకముందే టంకం కరగాలి కాబట్టి ఇలాంటి గొట్టాల్లో తక్కువ వేడికి కరిగే మిశ్రమాన్ని వాడతారు. 42 పాళ్ల తగరం, 58 పాళ్ల బిస్మత్ కలిసిన టంకం 138 డిగ్రీల సెల్సియస్ వద్దే కరుగుతుంది. మామూలు తగరం-సీసం టంకానికి 183 డిగ్రీలు కావాలి. ఇక అతుకులో నిరోధం ఎంత ఉంటే అంత వేడి పుడుతుంది. 15 ఆంపియర్లు ప్రవహించే చోట అతుకు నిరోధం 0.001 ఓమ్ అయితే పుట్టే వేడి పావు వాట్‌కు లోపే. అదే 0.02 ఓమ్ అయితే నాలుగున్నర వాట్లు, అదీ గాలి ఆడని వేలెడంత గొట్టంలో. పైగా ఎత్తు ఎక్కేటప్పుడు, బయలుదేరేటప్పుడు ఫేజు వైర్లలో కరెంటు బ్యాటరీ వైర్లలో కంటే ఎక్కువగా ఉంటుంది. నా అతుకుల్లో ఒకదాన్ని బ్లేడుతో చీల్చి చూస్తే టంకం పై పోగులకు మాత్రమే పూతలా అంటుకుని ఉంది, లోపలి రాగి పోగులు పొడిగానే ఉన్నాయి. మంటకు గొట్టం ముందే నల్లబడేసరికి, పని అయిపోయిందని నేనే ఆపేశాను. ఆ తప్పు నాదే, కాని లైటర్ చాలునన్నది దుకాణదారు.

ప్యాకెట్టు మీద తయారీదారు పేరు గాని, ఎన్ని ఆంపియర్లు తట్టుకుంటుందో గాని లేదు. తెలుపు, ఎరుపు, నీలం, పసుపు రంగులు ఎంత లావు వైరు లోపల పడుతుందో మాత్రమే చెబుతాయి. పట్టినంత మాత్రాన ఆ వైరులో వెళ్లే కరెంటును అతుకు మోస్తుందని కాదు. వెనక్కి తీసుకోమని అడిగితే, వాడినవి తీసుకోలేమన్నారు. నా దగ్గర ఉన్నది పెన్సిలుతో రాసిన చీటీ. వినియోగదారుల సహాయవాణి 1915కు ఫోన్ చేయాలన్నా చూపించడానికి బిల్లు ఉంటే మేలు కాబట్టి, చిన్న వస్తువైనా జీఎస్టీ బిల్లు అడిగి తీసుకోండి.

కొత్త కంట్రోలరు పెట్టినప్పుడు ఒక మెకానిక్ చేత, ముందు బ్యాటరీ ప్లగ్గు తీయించి, తగరం పూత ఉన్న రాగి గొట్టాలను ర్యాచెట్ క్రింపింగ్ ప్లయర్‌తో (పూర్తిగా నొక్కేదాకా పట్టు వదలని ప్లయర్) నొక్కించాను. ప్రతి అతుకునూ చేత్తో గట్టిగా లాగి చూశాకే పైన జిగురున్న హీట్ ష్రింక్ (వేడికి ముడుచుకునే ప్లాస్టిక్ తొడుగు) తొడిగారు. ఇదీ సోల్డరింగ్ ఐరన్ అక్కర్లేని పద్ధతే, కాని ఇక్కడ తీగను పట్టుకునేది కరిగే లోహం కాదు, నొక్కుడు. ఇందులోనూ నకిలీలు ఉంటాయి: అయస్కాంతానికి అంటుకుంటే అది ఇనుము, గీకితే లోపల కూడా తెల్లగానే కనిపిస్తే అల్యూమినియం కావచ్చు. నొక్కడానికి మామూలు కటింగ్ ప్లయర్ పనికిరాదు.

మిగిలిన టంకపు గొట్టాల్లో తెల్లవీ ఎర్రవీ హాల్ సెన్సరు (మోటారు ఏ స్థితిలో ఉందో కంట్రోలరుకు తెలిపేది), బ్రేకు స్విచ్చు వైర్లకు వాడాను, అక్కడ కరెంటు చాలా స్వల్పం కాబట్టి ఇంతవరకు ఇబ్బంది రాలేదు. పసుపువి డబ్బాలోనే ఉన్నాయి.