పొందూరు మగ్గం చప్పుడు: కాంటాక్ట్ మైకా, స్టీరియో మైకా?

శ్రీకాకుళం జిల్లా పొందూరు ఖద్దరు మగ్గాన్ని రికార్డు చేయడానికి 27 మి.మీ. పీజో డిస్క్‌తో (కంపనాన్ని విద్యుత్ సంకేతంగా మార్చే పలుచని బిళ్ల) చేసుకునే కాంటాక్ట్ మైక్ చవక. అది గాలిలో శబ్దాన్ని కాదు, తాకిన వస్తువు కంపనాన్ని పట్టుకుంటుంది. పడుగుకు (నిలువు దారాలకు) తగలకుండా, చట్రం కర్రకు క్లాంపుతో గట్టిగా బిగించాలి. టేపుతో అంటిస్తే వదులై గరగరమంటుంది. గదిలో మాటలు దాదాపు పడవు, పన్నె (పేక దారాన్ని నేతలోకి కొట్టే దువ్వెన లాంటి భాగం) దెబ్బ మాత్రం బలంగా వస్తుంది. కానీ రికార్డర్ మైక్ సాకెట్‌లో నేరుగా గుచ్చితే మంద్రమంతా పోయి రేకు డబ్బా మోతే మిగులుతుంది. పీజోకి 1 మెగా ఓమ్ ఇన్‌పుట్ నిరోధం (ఇంపీడెన్స్) కావాలి, మైక్ సాకెట్‌లో అది చాలా తక్కువ. గిటార్లకు వాడే యాక్టివ్ డీఐ బాక్స్ (ఆ రెంటికీ పొంతన కుదిర్చే, కరెంటుతో పనిచేసే చిన్న పెట్టె) మధ్యలో పెడితే సరి.

ఎక్స్‌వై స్టీరియో మైక్‌లను (తలలు ఒకచోటే ఉండి చెరో వైపు చూసే జంట) 90 డిగ్రీల కోణంలో, మగ్గానికి మీటరు దూరాన పెడితే నాడె (పేక దారాన్ని మోసేది) ఇటూ అటూ పరుగెత్తడం స్పష్టంగా తెలుస్తుంది. ఒక్క పీజోకి అది చేతకాదు. దెబ్బలు రికార్డర్ మీటరులో మైనస్ 12 డెసిబెల్స్ దాటకుండా గెయిన్ (శబ్దాన్ని పెంచే మోతాదు) సర్దుకోవాలి. ఫ్యాను ఆపాల్సిందే (ఎండాకాలంలో నేతగాళ్లను ఆ మాట అడగడమే కష్టం).

పొందూరులో నూలు వడికే ముందు వాలుగ చేప దవడతో పత్తి దువ్వే సవ్వడికైతే పీజో దండగ. స్టీరియో మైకే, అదీ జానెడు దూరంలో. దూరంగా పెట్టి గెయిన్ పెంచితే వినబడేది దూది కాదు, రికార్డర్ బుస.